అతిసేవకు ఓర్వని పువ్వు

అమెరికాలోని షికాగో నగర శివారులో ఇల్లు కొనుక్కొని స్థిరపడిన ఒక సోదరి ఈ శీర్షికకు ఒక ప్రశ్న పంపారు. స్వదేశం నుండి వెళ్ళిన ఆమె అత్తగారు వేసవి అంతా వారి వద్ద ఉండి, పెరటిలో గోంగూర, బచ్చలి, సొర పెంచారట. వాటి ప్రక్కనే, నర్సరీ నుండి తెచ్చిన నారింజ రంగు పూల మొక్కను కూడా అంతే శ్రద్ధతో చూసుకున్నారట. ఉదయం ఒక చెంబు నీరు, సాయంత్రం ఒక చెంబు నీరు, పదిహేను రోజులకొకసారి ఎరువు. గోంగూర ఏపుగా పెరిగింది. ఆ పూల మొక్క మాత్రం పసుపుబారి, మొదలు కుళ్ళి చనిపోయింది. మరుసటి ఏడు నాటిన రెండవ మొక్కకూ అదే గతి పట్టింది. “తన చేతి క్రింద మొక్క చనిపోవడం మా అత్తగారు ఎన్నడూ ఎరుగరు. ఇక ఆ మొక్క జోలికే పోవద్దంటున్నారు. మా వలన జరిగిన లోపం ఏమిటి?” అని ఆ సోదరి అడిగారు.

ఆ మొక్క పేరు బటర్‌ఫ్లై వీడ్. ఉత్తర అమెరికా గడ్డి మైదానాలకు స్వతస్సిద్ధమైన అడవిపువ్వు. అత్తగారి సేవలో లోపమేమీ లేదు. గోంగూరకు ప్రాణం పోసిన సేవయే ఈ మొక్కకు ప్రాణాంతకమైంది. విదేశాలలో ఉన్న మన కుటుంబాలు అనేకం ఇటువంటి మొక్కలను పెంచ యత్నిస్తున్నందున, ఈ మాసం దీనిని గురించి వివరంగా ముచ్చటించుకుందాం.

జిల్లేడుకు బంధువు

ఇంగ్లీషులో వీడ్ అంటే కలుపు. ఇంత అందమైన పువ్వుకు ఆ పేరు రావడం విచిత్రమే. 1753లో స్వీడన్ దేశపు వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి ఆస్క్లెపియాస్ ట్యూబరోసా అని నామకరణం చేశాడు. రెండవ పదం దీని దుంపవంటి వేరును సూచిస్తుంది. ఇది రెండడుగుల ఎత్తు పెరుగుతుంది. జూన్ నుండి ఆగస్టు వరకు కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా, ముదురు నారింజ వర్ణంలో పూస్తుంది. చలికాలంలో నేలపై భాగమంతా ఎండిపోతుంది. వేరు మాత్రం సజీవంగా ఉండి మరల వసంతంలో చిగురిస్తుంది.

ఈ పువ్వును దగ్గరగా పరిశీలించిన తెలుగువారికి ఎక్కడో చూసినట్లు తోచక మానదు. క్రిందికి వంగిన ఐదు రేకులు, వాటి నడుమ కిరీటంవలె నిలిచిన ఐదు చిన్న దొప్పలు. అచ్చముగా మన జిల్లేడు పువ్వు పోలికే. నిజానికి రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. జిల్లేడు కాయ పగిలినప్పుడు దూదితో కూడిన గింజలు గాలిలో తేలిపోయే దృశ్యం మనందరి బాల్యంలోనూ ఉన్నదే. దీని కాయా అలాగే పగులుతుంది, గింజలూ అలాగే ఎగురుతాయి. ఒక్క భేదం మాత్రం ఉన్నది. జిల్లేడును, ఈ జాతిలోని ఇతర మొక్కలను త్రుంచితే తెల్లని పాలు కారుతాయి. బటర్‌ఫ్లై వీడ్‌ను త్రుంచితే ఆ తెల్లని పాలు రావు.

బీడునేలలో, రైలుకట్టల వెంట, చుక్క నీరు పోసేవారు లేకుండా జిల్లేడు ఎలా పచ్చగా నిలుస్తుందో మన పెద్దలకు తెలుసు. ఆ అత్తగారికి ఈ మొక్కను “అమెరికా జిల్లేడు” అని పరిచయం చేసి ఉంటే, ఆమె దానికి రెండు పూటలా నీరు పోసి ఉండేవారు కాదు.

నేల క్రింది తోట

ప్రెయిరీలు అనే మాట మనం పాఠశాలలో చదువుకున్నదే. ఉత్తర అమెరికా నడిబొడ్డున చెట్లు బహు తక్కువగా ఉండి, గడ్డీ పూలమొక్కలూ కలిసి పెరిగే విశాల మైదానాలకు ఆ పేరు. అక్కడ వేసవిలో ఎండ తీవ్రం, శీతకాలంలో మంచు తీవ్రం, అప్పుడప్పుడు కార్చిచ్చు. పైభాగం కాలిపోయినా, గడ్డకట్టినా, పశువులు మేసినా మరల లేవగలిగిన మొక్కలే అక్కడ నిలుస్తాయి. అందువలన ప్రెయిరీ మొక్కల సంపద అధికభాగం నేల క్రిందనే ఉంటుంది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వీవర్ అనే శాస్త్రవేత్త గత శతాబ్ది తొలి దశకాలలో మనిషి లోతున కందకాలు త్రవ్వించి, ఈ మొక్కల వేర్లను ఒక్కొక్కటిగా శుభ్రపరచి చిత్రించాడు. పైన మోకాలెత్తు మొక్కకు క్రింద దానికి ఎన్నోరెట్ల లోతున వేర్లుండటం ఆ చిత్రాలలో కనిపిస్తుంది.

ఆ వేర్లు శతాబ్దాలపాటు కుళ్ళి, మరల పుట్టి తయారుచేసిన నల్లనేల మిక్కిలి సారవంతమైనది. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి ఇల్లినాయిస్‌లోని గ్రాండ్ డిటూర్ గ్రామంలో జిగురుమట్టి అంటుకోని ఉక్కు నాగలిని తయారుచేశాడు. అటుపిమ్మట ప్రెయిరీలు వేగంగా మొక్కజొన్న, సోయా పొలాలుగా మారిపోయాయి. ఒకప్పుడు ఇల్లినాయిస్ రాష్ట్రంలో సుమారు 2 కోట్ల 20 లక్షల ఎకరాల ప్రెయిరీ ఉండేది. నాణ్యత చెడక మిగిలినది దాదాపు 2,500 ఎకరాలు మాత్రమే. పాత స్మశానాల అంచుల్లో, రైలుకట్టల ప్రక్కన, నాగలి దిగని మూలల్లో అది ముక్కలు ముక్కలుగా మిగిలి ఉన్నది. ఇంటి పెరటిలో నాలుగు ప్రెయిరీ మొక్కలు పెంచడానికి విలువ ఏర్పడినది ఈ కారణంగానే.

నాటే విధానం

ఈ మొక్కకు మూడు అవసరాలు: పూర్తి ఎండ, నీరు నిలువని నేల, కదిలించని చోటు. రోజుకు కనీసం ఆరు గంటలు సూటిగా ఎండపడే స్థలం ఎంచుకోవాలి. ఇసుక కలిసిన గుల్లనేల శ్రేష్ఠం. షికాగో పరిసరాల్లో వలె బంకమట్టి అయితే, ఏటవాలు చోటనో ఎత్తు చేసిన మడిలోనో నాటాలి. వాన వెలిసిన తరువాత గంటల తరబడి నీరు నిలిచే చోటైతే దీనిని నాటి బాధపడటం కంటె, తడినేలను ఇష్టపడే దీని సోదరజాతి స్వాంప్ మిల్క్‌వీడ్‌ను నాటడం మేలు. గులాబీ రంగు పూలతో అదీ రమణీయంగానే ఉంటుంది.

విత్తనంతో పెంచదలచిన వారు ఒక సంగతి గ్రహించాలి. ఈ గింజకు చలికాలం గడిచిపోయినదన్న గురుతు అందనిదే అది సరిగా మొలకెత్తదు. శరదృతువు చివర, నవంబరులో, పెరటిలోనే పావు అంగుళం లోతున చల్లి వదిలివేస్తే మంచు ఆ పని చేసిపెడుతుంది. లేదా తడిపి పిండిన ఇసుకలో గింజలను కలిపి, చిన్న సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో ఒక నెల నుండి నెలన్నర ఉంచి, వసంతంలో విత్తాలి. వంటదినుసు అని పొరబడకుండా సంచిపై పేరు వ్రాయడం మరువరాదు.

నారును కుండీలో పెంచితే లోతైన కుండీ వాడాలి, తల్లివేరు పొడవు సాగక మునుపే నేలలోకి మార్చాలి. మొక్కకు మొక్కకు అడుగు నుండి అడుగున్నర ఎడం చాలు. ఒంటరిగా ఒకటి కాక మూడో అయిదో గుంపుగా నాటితే చూడముచ్చటగా ఉంటుంది, సీతాకోకచిలుకలకు దూరం నుండి కనబడుతుంది. ఒకసారి కుదురుకున్న మొక్కను పెకలించి మరొక చోట నాటరాదు. తల్లివేరు తెగితే అది కోలుకోవడం దుర్లభం. అడవిలో ఉన్నదానిని త్రవ్వి తెచ్చే ప్రయత్నం కూడా ఇందుచేతనే వ్యర్థం. అది అక్కడ నశిస్తుంది, ఇక్కడ బ్రతకదు.

మూడేండ్ల నిరీక్షణ

మొదటి వేసవిలో మాత్రం నీరు అవసరమే. వేలు గ్రుచ్చి చూసి, పైన రెండంగుళాల మట్టి ఆరినప్పుడు లోతుగా ఒకసారి తడపాలి. మరల ఆరేవరకు ఆగాలి. రెండవ ఏట నుండి వానయే చాలు. దీర్ఘకాలం వాన లేనప్పుడు మాత్రమే మనం కల్పించుకోవాలి. ఎరువు అసలు వద్దు. ఎరువు వేసిన నేలలో కాడలు బలహీనంగా సాగి వాలిపోతాయి, చుట్టూ ఉన్న గడ్డి బలిసి దానిని అణచివేస్తుంది. ఎండుటాకులు కప్పదలచినా పలుచగా, మొదలుకు తగలకుండా కప్పాలి. దీనిని చంపేది చలి కాదు, చలికాలపు చెమ్మ. కాబట్టి సేవ చేయాలని చేతులు ఆరాటపడేవారు చుట్టూ మొలిచే కలుపును తీయవచ్చు. మొదటి రెండేండ్లూ మొక్కకు నిజంగా ఉపకరించే పని అదే.

విత్తనం నుండి పెరిగిన మొక్క సామాన్యంగా రెండవ లేదా మూడవ ఏట గాని పూయదు. మొదటి ఏడంతా పైన జానెడు మొక్క కనబడుతుంది. దాని పని అంతా క్రిందనే సాగుతూ ఉంటుంది. ఈ దశలో చాలా ఇళ్ళలో “ఇది ఎదగడం లేదు” అని పీకివేయడమో, ఎరువుతో తొందరపెట్టడమో జరుగుతుంది.

మరొక ప్రమాదం వసంతంలో పొంచి ఉంటుంది. ఇతర మొక్కలు ఏప్రిల్‌లో చిగురిస్తే ఇది మే మాసం నడుమ వరకు నేలపైకి రాకపోవచ్చు. చనిపోయిందని భావించి పారతో త్రవ్వితే బ్రతికున్న వేరు తెగిపోతుంది. అందువలన శరదృతువులో ఎండిన కాడలను కోయకుండా వదిలివేయాలి, లేదా ప్రక్కన ఒక గుర్తురాయి పెట్టాలి. ఇంటికి క్రొత్తగా వచ్చిన అమ్మమ్మ, నానమ్మలకు ఆ రాయిని చూపి ఉంచడం మంచిది. ఖాళీ మడి కనబడితే కొత్తిమీర చల్లకుండా ఉండటం వారికి కష్టమే!

పురుగును చూసి భయపడవద్దు

ఈ మొక్కను ఎందరో పెంచడానికి ముఖ్యకారణం మోనార్క్ అనే సీతాకోకచిలుక. నారింజ రెక్కలు, నల్లని గీతలు, అంచున తెల్లని చుక్కలు. 1975 నుండి ఇది ఇల్లినాయిస్ రాష్ట్ర అధికారిక కీటకం. డికేటర్ పట్టణపు పాఠశాల పిల్లల ప్రతిపాదన వలన దానికా గౌరవం లభించింది. మోనార్క్ గొంగళిపురుగు ఈ మిల్క్‌వీడ్ జాతి ఆకులు తప్ప మరొకటి తినదు. ఆ ఆకులలోని విషం దాని ఒంటికి పట్టి, పక్షుల నుండి దానిని కాపాడుతుంది.

వేసవిలో పుట్టే మోనార్క్‌లు కొన్ని వారాలే జీవిస్తాయి. వేసవి చివర పుట్టిన తరం మాత్రం ఎనిమిది మాసాల వరకు బ్రతికి, వేలాది కిలోమీటర్లు ఎగిరి, మెక్సికోలోని కొండలపై ఫర్ చెట్లకు గుత్తులుగా వ్రేలాడి చలికాలం గడుపుతుంది. స్థానికులకు ముందే పరిచయమున్న ఆ విడిది సంగతి శాస్త్రలోకానికి తెలిసినది 1975 జనవరిలో. కెనడాకు చెందిన ఫ్రెడ్, నోరా ఉర్క్‌హార్ట్ దంపతులు దశాబ్దాలపాటు వాటి రెక్కలకు చిన్న చీటీలు అంటించి వదులుతూ సాగించిన అన్వేషణకు అది ఫలం.

ఆ కొండలపై మోనార్క్‌లు ఆక్రమించిన అడవి విస్తీర్ణాన్ని ఏటేటా కొలుస్తారు. 1996-97 చలికాలంలో అది సుమారు 18 హెక్టార్లు. 2013-14లో 0.67 హెక్టారు. 2024-25లో 1.79 హెక్టార్లు. పొలాల్లో కలుపుమందుల వలన మిల్క్‌వీడ్ మొక్కలు తుడిచిపెట్టుకుపోవడం, మెక్సికోలో చెట్ల నరికివేత, వాతావరణంలో మార్పులు ఇందుకు కారణాలుగా చెబుతారు. 2024 డిసెంబరులో అమెరికా వన్యప్రాణి శాఖ దీనిని ముప్పు పొంచి ఉన్న ప్రాణుల జాబితాలో చేర్చాలని ప్రతిపాదించింది.

గ్రుడ్లు పెట్టడానికి మోనార్క్ సాధారణంగా కామన్ మిల్క్‌వీడ్, స్వాంప్ మిల్క్‌వీడ్ ఆకులను ఎక్కువగా ఇష్టపడుతుంది. బటర్‌ఫ్లై వీడ్‌పై తక్కువగా పెడుతుంది. అయితే దీని మకరందం మోనార్క్‌తో పాటు అనేక తేనెటీగలకు, ఇతర సీతాకోకచిలుకలకు ఆహారం. కాబట్టి వీలున్నవారు దీనికి తోడు స్వాంప్ మిల్క్‌వీడ్‌ను కూడా నాటితే గ్రుడ్డుకూ తేనెకూ రెండింటికీ ఏర్పాటు జరిగినట్లవుతుంది. టెక్సాస్, ఫ్లోరిడా వంటి వేడి రాష్ట్రాలలో ఉన్నవారికి ఒక హెచ్చరిక. అక్కడ త్వరగా పూస్తుందని ట్రాపికల్ మిల్క్‌వీడ్ అమ్ముతారు. అది ఆ ప్రాంతపు మొక్క కాదు. చలికాలంలోనూ పచ్చగా ఉండి, మోనార్క్‌లకు సోకే ఒక పరాన్నజీవి దాని ఆకులపై పేరుకుపోయేందుకు తావిస్తుంది. దానిని మానుకోవడమే ఉత్తమం.

ఆకులపై నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు కనబడితే సంతోషించండి. అది ఆకులన్నీ తినివేసినా వేరు గట్టిగా ఉన్న మొక్క మరల చిగురిస్తుంది. కాడలపై పసుపుపచ్చని పేనుబంక కనబడితే కలవరపడనక్కరలేదు. మన ఊళ్ళలో గన్నేరుకూ జిల్లేడుకూ పట్టే పేనుబంకే అది. ముందుగా గ్రుడ్లు, పురుగులు ఉన్నాయేమో చూసుకొని, తడిచేతితో తుడిచివేస్తే చాలు. మందు మాత్రం చల్లరాదు. కొనేటప్పుడు కూడా, ఈ మొక్కకు నియోనికోటినాయిడ్ తరగతి మందులు వాడారా అని నర్సరీవారిని అడగండి. మన పత్తి రైతులెరిగిన ఇమిడాక్లోప్రిడ్ ఆ తరగతిదే. అది మొక్క అణువణువునా వ్యాపించి, ఆకు తిన్న గొంగళిపురుగును చంపుతుంది.

పిల్లలు, పొరుగువారు

పూర్వం దీని వేరును ఊపిరితిత్తుల వ్యాధులకు మందుగా వాడేవారు; ఇంగ్లీషులో ప్లూరిసీ రూట్ అన్న పేరు అందుకే వచ్చింది. ఆ మాట విని ఇంటివైద్యం మాత్రం చేయవద్దు. ఇది తినదగిన మొక్క కాదు. గర్భవతులు, చిన్నపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మొక్కను ముట్టిన పిల్లలచేత చేతులు కడిగించండి. మిల్క్‌వీడ్ పాలు కంట పడితే, జిల్లేడు పాలవలెనే, తీవ్రమైన బాధ కలుగుతుంది.

కత్తిరించిన పచ్చికనే శుభ్రతగా భావించే వీధులలో అడవిపువ్వులు చూసి పొరుగువారు అభ్యంతరపెట్టవచ్చు, ఇంటి యజమానుల సంఘం నోటీసు పంపవచ్చు. స్వదేశీ మొక్కలు పెంచేవారిని అటువంటి సంఘాలు అడ్డగించకుండా మేరీలాండ్ రాష్ట్రం 2021లో చట్టం చేసింది. ఇతర చోట్ల నియమాలు వేరు. నాటకముందే మీ సంఘం నియమావళి చదవండి. మడి చుట్టూ ఇటుకల అంచు పెట్టి, మొక్కల పేర్లు వ్రాసిన చిన్న పలక నిలపండి. ఇది అశ్రద్ధ వలన పెరిగిన కలుపు కాదని చూసేవారికి ఆ పలకయే చెబుతుంది.

స్వదేశంలోని పాఠకులు దీని విత్తనాలు తెప్పించుకోవాలని ఆశపడనవసరం లేదు. దీర్ఘమైన చలికాలం లేనిచోట దీనికి సుఖం లేదు. పైగా దీనికి సరితూగే ఏర్పాటు మనకున్నది. మన ప్రహరీ ప్రక్కన మొలిచే జిల్లేడుపై మోనార్క్‌కు దగ్గరి చుట్టమైన ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గ్రుడ్లు పెడుతుంది. దాని రెక్కలూ నారింజ రంగే, దాని పురుగుకూ పట్టీలే. పిల్లలు తాకని మూల ఒక జిల్లేడును నరకకుండా వదిలితే ఆ చుట్టానికి ఆశ్రయం దొరుకుతుంది.

గింజలు దాచుకోండి

శరదృతువులో నిటారుగా నిలిచిన కాయలు గోధుమరంగుకు తిరిగి, నిలువునా చీలడం మొదలుపెట్టగానే కోసుకోవాలి. ఆలస్యమైతే గాలి పట్టుకుపోతుంది. దూదిని వేరుచేసి, గింజలను వారం రోజులు నీడన ఆరబెట్టి, కాగితపు కవరులో వేసి, పైన సంవత్సరం వ్రాసి ఉంచాలి. పొరుగువారికి, పిల్లల పాఠశాలకు, అదే ప్రాంతంలోని బంధువులకు పంచవచ్చు.

ఉద్యోగం మారితే ఇల్లు మారే కుటుంబాలు మనవారిలో ఎన్నో ఉన్నాయి. మూడేండ్లు ఓపికపట్టి పెంచిన మొక్కను వెంట తీసుకుపోవడం సాధ్యపడదు. దాని వేరు అందుకు ఒప్పుకోదు. అటువంటివారు ఇల్లు అప్పగించే రోజున క్రొత్తగా వచ్చేవారికి ఆ గుర్తురాయిని చూపి, నీరు ఎక్కువ పోయవద్దని ఒక చీటీ వ్రాసిపెట్టండి. గింజల కవరును మీ సామానులో వేసుకోండి. క్రొత్త ఇల్లు కూడా ఆ పువ్వు సహజంగా పెరిగే ప్రాంతంలోనే ఉన్నట్లయితే, నవంబరులో మంచు పడకముందు చల్లడానికి అవి చాలు.